టీకా సర్కారుది, నష్టం సామాన్యుడిదా?

కొవిడ్ టీకా వేయించుకున్న తరవాత కన్నుమూసిన ఇద్దరు యువతుల తల్లిదండ్రులు సుప్రీంకోర్టును ఆశ్రయిస్తే, కేంద్ర ఆరోగ్య శాఖ వారికిచ్చిన జవాబు ప్రమాణ పత్రం (అఫిడవిట్) రూపంలో 2022 నవంబరులో దేశం ముందుకు వచ్చింది. టీకా వేయించుకోవడం స్వచ్ఛందమని, దానిని తయారు చేసింది వేరొకరని, బహు అరుదుగా సంభవించే మరణాలకు ప్రభుత్వాన్నే నేరుగా బాధ్యురాలిని చేసి పరిహారం కోరడం చట్టం ముందు నిలవకపోవచ్చునని, నష్టపోయామనుకునేవారు సివిల్ కోర్టుకు వెళ్లవచ్చునని ఆ పత్రం సారాంశం. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఒక ప్రజాప్రభుత్వం చెప్పవలసిన మాట ఇది కాదు. డోసులు లెక్కపెట్టే వేళ ‘మేము వేశాం’ అని, నష్టం లెక్కపెట్టే వేళ ‘మీరే వేయించుకున్నారు’ అని ఒకే నోటితో రెండు మాటలు పలకడం కపటం కాక మరేమిటి?

2022 నవంబరు 19 నాటికి 219.86 కోట్ల డోసులు వేయగా 92,114 ప్రతికూల ఘటనలు నమోదయ్యాయని, వాటిలో 89,332 స్వల్పమైనవని, మరణాలతో కలిపి తీవ్రమైనవి 2,782 మాత్రమేనని అదే పత్రం చెబుతోంది. ఈ అంకెలతో మాకు తగవు లేదు. నమోదైనవన్నీ టీకా వల్లే జరిగాయనీ మేము అనడం లేదు. ఒకదాని వెనుక ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమైపోదు. అయితే బాధితులు ఇంత తక్కువన్న మాటే నిజమైతే వారిని ఆదుకోవడానికి ఖజానాకు అయ్యే ఖర్చూ అంత తక్కువే కావాలి. ప్రభుత్వం మాత్రం తక్కువన్న మాటను ఆదుకోవడానికి కాక, తప్పుకోవడానికి వాడుకుంటోంది.

మరణాల మీద చర్చ జరుగుతోంది, జరగాలి కూడా. బతికి మంచం పట్టినవారి సంగతి మాత్రం ఎవరికీ పట్టడం లేదు. అక్యూట్ డిసెమినేటెడ్ ఎన్‌సెఫలోమైలైటిస్, వైద్యుల పొడి అక్షరాల్లో ఏడీఈఎం, అలాంటి వ్యాధి. నరాల తీగల చుట్టూ ఉండే మైలిన్ పొరను శరీరంలోని రక్షణ వ్యవస్థే శత్రువుగా పొరబడి దాడి చేస్తుంది. మెదడులోను, వెన్నుపాములోను ఒకేసారి అనేక చోట్ల వాపు వస్తుంది. నిన్నటిదాకా ఆడుకున్న పిల్ల రెండు మూడు రోజుల్లో మాట తడబడి, మగతలోకి జారి, కాళ్లు చచ్చుబడి, కొన్నిసార్లు చూపు కూడా మందగించి ఆసుపత్రికి చేరుతుంది. ఇది ఎక్కువగా ఏదో ఒక వైరస్ జ్వరం తగ్గిన కొద్ది రోజులకో వారాలకో వస్తుంది; చాలా అరుదుగా టీకా తరవాతా వస్తుంది. ఎంఆర్ఐలో ఆనవాళ్లు గుర్తించి వెంటనే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్‌ను పెద్ద మోతాదులో మూడు నుంచి అయిదు రోజులపాటు నరంలోకి ఎక్కిస్తే చాలామంది కొన్ని వారాల్లో, నెలల్లో కోలుకుంటారు. దానికి లొంగకపోతే ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలు), అదీ చాలకపోతే ప్లాస్మా (రక్తంలోని ద్రవం) మార్పిడి. ఇమ్యునోగ్లోబులిన్ మోతాదు శరీర బరువును బట్టి ఉంటుంది కనుక పెద్దవారి విషయంలో ఖర్చు లక్షల్లోకి వెళుతుంది. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో ఆ లక్షలు ఎవరు తేవాలి? ప్రమాణ పత్రంలో ఈ ప్రశ్నకు చోటు లేదు.

ఈ దేశానికి ఈ జబ్బు కొత్తదీ కాదు, ప్రభుత్వం చేతి నుంచి రావడమూ కొత్త కాదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్ల మాట మన పెద్దలెవరూ మరచిపోలేదు. కుక్క కరిస్తే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి వరసగా రెండు వారాలు పొట్టలో పొడిపించుకున్నవారు తెలుగునాట వీధికొకరు కనిపిస్తారు. ఆ మందు గొర్రె మెదడుతో తయారయ్యేది. హిమాచల్‌లోని కసౌలీలో బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ సెంపుల్ 1911లో రూపొందించిన పద్ధతి అది: రేబిస్ వైరస్ ఎక్కించిన గొర్రె మెదడును నూరి, ఫినాల్ అనే రసాయనంతో వైరస్‌ను చంపి, ఆ ద్రావణాన్నే మనిషికి ఎక్కించేవారు. వైరస్‌తో పాటు గొర్రె మైలిన్ కూడా ఒంట్లోకి వెళ్లేది. దాన్ని ఎదుర్కోవడం నేర్చిన రక్షణ వ్యవస్థ కొందరిలో సొంత మైలిన్‌ను వదిలిపెట్టలేదు. ఫలితం మెదడువాపు, వెన్నుపాము వాపు, పక్షవాతం, కొందరిలో మరణం. ఇలాంటి ప్రమాదం కొన్ని పరిశీలనల్లో కొన్ని వందల మందిలో ఒకరికి, మరికొన్నింటిలో కొన్ని వేల మందిలో ఒకరికి కనిపించింది. బాధితుల రక్తంలో మైలిన్ ప్రొటీన్‌కు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు ఉన్నాయని థాయ్‌లాండ్ పరిశోధకులు 1987లో నిరూపించారు.

అప్పటికే, 1984లోనే, నాడీ కణజాలంతో చేసే ఈ టీకాను మానుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. భారతదేశం మానుకున్నది 2004 డిసెంబరులో. మధ్యలో గడిచినవి ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లూ ప్రయోగశాలలో పెంచిన కణాలతో చేసిన సురక్షితమైన టీకా మందుల దుకాణాల్లో దొరికేది. డబ్బున్నవాడు కొనుక్కున్నాడు, లేనివాడు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన గొర్రె మెదడు మందునే పొడిపించుకున్నాడు. కుక్క కరిచినవాడికి టీకా స్వచ్ఛందమా? వేయించుకోకపోతే రేబిస్, అది వచ్చిందంటే చావే. అలాంటివాడికి ప్రభుత్వమే ఇచ్చిన మందు వల్ల కాళ్లు పడిపోతే పరిహారమిచ్చే చట్టం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పోయిన తరం ఆ అన్యాయాన్ని నోరెత్తకుండా దిగమింగింది. ఇప్పుడు కేంద్రం దాన్నే న్యాయసూత్రంగా నిలబెట్టాలని చూస్తోంది. అదీ మా ఆందోళన.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయడం మా బాధ్యత. ఈ సంపాదకీయాన్ని చూపి ఎవరైనా టీకాలు మానుకోమని ప్రచారం చేస్తే అది ఘోరమైన తప్పు. నేటి రేబిస్ టీకాలో మెదడు కణజాలం లేదు. తట్టు సోకిన పిల్లల్లో సుమారు వెయ్యికి ఒకరికి మెదడువాపు వస్తుంది. తట్టు టీకా పిల్లలను ఈ జబ్బు నుంచే కాపాడుతోంది. కొవిడ్ టీకాలు లక్షలాది ప్రాణాలు నిలబెట్టాయి. వాటి విషయంలోనూ శాస్త్రం నిజాన్ని దాచలేదు: ఆక్స్‌ఫర్డ్-ఆస్ట్రాజెనెకా టీకా పరీక్షలను 2020 సెప్టెంబరులో బ్రిటన్‌లో ఒక వాలంటీరుకు నాడీ సంబంధమైన అనారోగ్యం రావడంతో కొద్ది రోజులు ఆపారు, వెన్నుపాము వాపు అత్యంత అరుదుగా రావచ్చునన్న హెచ్చరికను ఆ టీకా సమాచార పత్రంలో చేర్చాలని ఐరోపా ఔషధ సంస్థ 2022 జనవరిలో సూచించింది. ప్రమాదం ఉన్నదని ఒప్పుకొని, అది ఎంత చిన్నదో చెప్పి, ఆ చిన్న ప్రమాదానికి గురైనవారి పక్కన నిలబడితే టీకాపై నమ్మకం పెరుగుతుంది. తప్పుకుంటే వదంతులు పెరుగుతాయి.

ఇక స్వచ్ఛందమన్న వాదన. టీకా వేయించుకోనివారిని మహారాష్ట్రలో లోకల్ రైలు ఎక్కనివ్వలేదు. కొన్ని రాష్ట్రాలు బహిరంగ స్థలాల్లోకే రానివ్వబోమన్నాయి. ఆ ఆంక్షలు తగవని 2022 మే 2న సుప్రీంకోర్టే చెప్పవలసి వచ్చింది. బడికి, కొలువుకు, విమానానికి ధ్రువపత్రం చూపమన్న వ్యవస్థే ఇప్పుడు కోర్టులో నిలబడి ఎవరినీ బలవంతపెట్టలేదంటోంది.

ఇంతకంటే దారుణమైన తేడా మరొకటి ఉంది. పుణెలో తయారైన కొవిషీల్డ్ డోసులు ఆరు లక్షలు 2021 ఫిబ్రవరి 24న పేద దేశాలకు టీకాలు అందించే అంతర్జాతీయ కార్యక్రమం కొవాక్స్ కింద ఘనా దేశం చేరాయి. కొవాక్స్ ద్వారా వెళ్లిన టీకాల వల్ల తీవ్ర నష్టం జరిగితే ఎవరి తప్పో నిరూపించనక్కర లేకుండా పరిహారం చెల్లించేందుకు 92 అల్పాదాయ, మధ్యాదాయ దేశాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేక ఏర్పాటు చేసింది. అంటే అదే కర్మాగారం నుంచి బయలుదేరిన సీసా సముద్రం దాటితే వెంట భరోసా ఉంది, పుణె వీధిలోనే వేస్తే లేదు! మన హైదరాబాదు టీకా కొవాగ్జిన్ సంగతీ ఇలాంటిదే. 2021 జనవరిలో దానిని క్లినికల్ ట్రయల్ పద్ధతిలో వేసినప్పుడు, టీకా వల్లే తీవ్ర నష్టం జరిగిందని తేలితే కంపెనీ పరిహారమిస్తుందని సమ్మతి పత్రంలో రాశారు. మార్చిలో ఆ షరతు తొలగిపోయింది, దానితో పాటే హామీ కూడా పోయింది. మందు మారలేదు, మనిషి మారలేదు. ఫిబ్రవరిలో వేయించుకున్నవాడికి ఉన్న రక్షణ ఏప్రిల్‌లో వేయించుకున్నవాడికి లేకుండా పోయింది.

పరిహారమంటే దొంగ దరఖాస్తులు పోటెత్తుతాయని, టీకాలంటే జనం భయపడతారని అధికారులు అంటున్నారు. ఆ జాగ్రత్త అవసరమే. అయితే పశ్చిమ జర్మనీ 1961లో, జపాన్ 1970లలో, బ్రిటన్ 1979లో, అమెరికా 1986లో ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి; ఆ దేశాల్లో టీకా కార్యక్రమాలేవీ కూలిపోలేదు. అమెరికాలో టీకాపై విధించే చిన్నపాటి సుంకంతోనే ఆ నిధి నడుస్తోంది. నష్టానికి, టీకాకు సంబంధం తేల్చే జాతీయ కమిటీ మనకూ ఉంది. కొవిడ్ టీకా వల్ల 68 ఏళ్ల వృద్ధుడు తీవ్రమైన అలర్జీతో మరణించారని 2021 జూన్‌లో ధ్రువీకరించింది ఆ కమిటీయే. తేల్చగలిగిన ప్రభుత్వం తేల్చిన తరవాత చేతులు కడుక్కుంటుందా?

సివిల్ కోర్టుకు వెళ్లమనడం ఇంకా క్రూరం. తయారీ రికార్డులు కంపెనీ దగ్గర, విచారణ నివేదికలు ప్రభుత్వం దగ్గర ఉంటాయి. మంచంలో ఉన్న కొడుక్కి పక్క మార్చే తండ్రి ఏ సాక్ష్యం తెచ్చి, ఎన్నేళ్లు వాయిదాలకు తిరిగి నిరూపించాలి? వైద్య నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం కుదరని విషయాన్ని మునసబు కోర్టు మెట్ల మీద అతని నెత్తిన పెట్టడం న్యాయం చూపడం కాదు, తలుపు మూయడం.

ఈ వాదనను కోర్టు అంగీకరిస్తే అది కొవిడ్‌తో ఆగదు. రేపు అంగన్‌వాడీలో పసిపాపకు వేసే టీకాకూ, బడిలో ఆడపిల్లలకు వేసే టీకాకూ, హైదరాబాదు నారాయణగూడలోని ప్రభుత్వ టీకా కేంద్రంలో కుక్కకాటుకు బారులు తీరినవారికి వేసే సూదికీ ఇదే జవాబు సిద్ధంగా ఉంటుంది. అందుకే కేంద్రం ఈ ప్రమాణ పత్రాన్ని వెనక్కి తీసుకోవాలి. ప్రభుత్వ కార్యక్రమంలో వేసిన ప్రతి టీకాకూ వర్తించే పరిహార చట్టాన్ని తేవాలి. జాతీయ కమిటీ ధ్రువీకరించిన కేసుల్లో చికిత్స ఖర్చును తొలి రోజు నుంచే భరించాలి. వంద కోట్ల డోసులు పూర్తయిన నాడు వంద కట్టడాలకు దీపాలంకరణ చేసి, ప్రతి ధ్రువపత్రం మీదా ప్రధాని బొమ్మ ముద్రించిన ప్రభుత్వం, ఆ టీకా వల్లే కాళ్లు పడిపోయాయని తన కమిటీ తేల్చిన మనిషిని ‘మా పూచీ లేదు’ అని పంపడానికి సిగ్గుపడాలి.