ఏం లేదులే

విశ్వావసు ఉగాది మార్చి 30న వచ్చింది. ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్లం మన పద్ధతి ప్రకారం ఆ పై శనివారం, ఎప్పటిలాగే హైస్కూల్ ఆడిటోరియం అద్దెకు తీసుకుని చేసుకున్నాం. ఆ సాయంత్రం ఏం జరిగిందో మీలో చాలామందికి అక్కడే తెలిసింది. నాకే ఆలస్యమైంది.

నేను ముందుగా వెళ్లి రెండో వరసలో కూర్చున్నాను. పంచాంగ శ్రవణం అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. తిథి వింటే సంపద, వారం వింటే ఆయుష్షు, నక్షత్రం వింటే పాపం పోతుంది, యోగం వింటే రోగం పోతుంది, కరణం వింటే కార్యసిద్ధి అంటారు. అన్నీ వింటేనే. చదువుకుంటే వస్తాయని ఎవరూ చెప్పలేదు. పంతులుగారు మైకు పక్కకి జరిపి "నా గొంతు చాలండీ" అన్నారట. ఆ మాటా నాకు వినపడలేదు. రాశుల దగ్గరికొచ్చేసరికి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అంటూ అంకెలు దొర్లిపోతున్నాయి. నా కర్కాటకం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు. పక్కనున్నావిడదీ అదే రాశి. "మనకి అవమానం ఎంతటా?" అని అడిగాను. "ఏం లేదులే, బాగానే ఉంది" అంది.

అది ఎంతో పావుగంటలో తేలింది.

తర్వాతి స్కిట్‌లో చెవిటి మామగారున్నాడు. మన స్కిట్లలో ఎప్పుడూ ఉంటాడు. కోడలు "మందు వేసుకున్నారా మామయ్యా" అంటే ఆయన "విందా? ఎవరింట్లో?" అంటాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ముందు వరస వాళ్ల భుజాలు కదలడం చూసి, ఒక క్షణం ఆలస్యంగా. స్కిట్ అయ్యాక యాంకర్ కుర్రాడు నావైపు చెయ్యి చూపించి ఏదో అన్నాడు. హాలంతా గొల్లుమంది. నన్ను పొగిడాడేమో అనుకుని లేచి నమస్కారం పెట్టాను. ఇంకా నవ్వారు. పక్కావిడను "ఏమన్నాడు?" అని అడిగితే మళ్లీ "ఏం లేదులే." ఈసారి నా మోచేతి మీద తట్టింది కూడా.

కారెక్కాక మావారు చెప్పారు. "రెండో వరసలో ఆంటీగారూ, ఆ బ్లూటూత్ తీసేసి మా మాట కూడా కాస్త వినండి" అన్నాడట.

నా తలకున్నది బ్లూటూత్ కాదు నాయనా. అది లేకపోతే నువ్వు స్టేజీ మీద శంఖం ఊదినా నాకు తెలియదు.

నలభై దాటినప్పటి నుంచి నా వినికిడి తగ్గుతూ వచ్చింది. పన్నెండేళ్లు చెవి మిషన్లతో నెట్టుకొచ్చాను. చివరికి అవీ పనిచేయక, రెండేళ్ల కిందట కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేయించుకున్నాను. లోపలి చెవిలో నత్తగుల్లలాగా చుట్టుకున్న భాగం ఒకటుంటుంది. శబ్దాన్ని నరానికి అందించే కణాలు అక్కడి లోపలి వరసలోనే సుమారు 3,500 ఉంటాయట. నాకు అవి చాలావరకు పోయాయి. వాటి పని చేయడానికి డాక్టరు ఆ గుల్లలోకి ఒక సన్నని తీగ పంపించారు. దాని మీద 22 ఎలక్ట్రోడ్లు. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని పట్టుకుంటుంది, తలకి అయస్కాంతంతో అతుక్కున్న బిళ్ల దాన్ని చర్మం మీదుగా లోపలికి పంపుతుంది. వీణకే 24 మెట్లుంటాయి. పైగా వీణ మీద తీగ లాగితే రెండు మెట్ల మధ్యన గమకం పలుకుతుంది. నా 22కి ఆ వీలు లేదు. అందుకే త్యాగరాజ ఆరాధనలో నేను పాటని వదిలేసి మృదంగాన్ని పట్టుకుని కూర్చుంటాను. తాళం బాగానే అందుతుంది. కోలాటం ఇంకా బాగుంటుంది.

ఇలా ఎక్కువ ఎలక్ట్రోడ్లున్న పరికరాన్ని మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ మొదటిసారి మనిషికి అమర్చింది 1978లో. అప్పుడు నేను ఐదో తరగతి. మన స్కిట్‌లో మామగారు మాత్రం ఇంకా మందూ విందూ దగ్గరే ఉన్నాడు.

మిషన్ పెట్టగానే పసిపిల్ల నవ్వడం, తల్లి కళ్లు తుడుచుకోవడం మీరు వాట్సాప్ వీడియోల్లో చూసే ఉంటారు. ఆపరేషన్ అయిన మూడు వారాలకి నాకు స్విచ్ ఆన్ చేశారు. మావారు "వినపడుతోందా?" అంటే రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు వచ్చింది. వినికిడి చూసే ఆడియాలజిస్ట్ గొంతూ అదే, తలుపు చప్పుడూ అదే. నాకూ ఏడుపొచ్చింది. ఆ వీడియో మాత్రం ఎవరికీ పంపలేదు.

మ్యాపింగ్ అని నాలుగైదు సార్లు పిలిచి ఒక్కో ఎలక్ట్రోడ్‌కీ ఎంత కరెంటు చాలో, ఎంతయితే ఎక్కువో సరిచేశారు. మిగతాదంతా మెదడు నేర్చుకోవాలి. సాధనకిచ్చిన యాప్ ఇంగ్లీషుది. ఆరు నెలల్లో ఇంగ్లీషు దారిలో పడింది. తెలుగుకి మావారే యాప్. రోజూ రాత్రి భోజనాలయ్యాక, నేను పెదాలు చూడకుండా నోటికి పళ్లెం అడ్డం పెట్టుకుని కూరగాయల పేర్లు చెప్పేవారు. మన కూరల్లో సగం కాయలే కదా, ముందున్న ఒకటి రెండు అక్షరాలే ఆధారం. బీరకాయ, సొరకాయ, కాకరకాయ దాటాం. బెండకాయ, దొండకాయ దగ్గర మూడు వారాలు ఆగిపోయాం. చివరికి నాకు తేడా తెలిసిన వారమే ఆయన బెండకాయలు తెమ్మంటే దొండకాయలు తెచ్చారు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ బిళ్ల ఉండేది సరిగ్గా పూలు పెట్టుకునే దగ్గర. స్టీలు జడపిన్నులు వచ్చి దానికే అతుక్కుంటాయి. కిందటేడు వరలక్ష్మీ వ్రతానికి ఒకరింట్లో తాంబూలం అందుకోవడానికి వంగితే, ప్రాసెసర్ ఊడి వెళ్లి ఇనప కుర్చీ కాలికి అంటుకుంది. పట్టుచీరల్లో పదిమంది నేల మీద పాకుతూ వెతికారు, అందరూ ఒకేసారి ఏదో అరుస్తూ. నాకు మాత్రం లోకమంతా నిశ్శబ్దం. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉంది.

మన ఊళ్లలో చెవిటివాళ్లని ఏడిపిస్తారని, ఇక్కడి వాళ్లకి మర్యాద ఎక్కువని అంటూ ఉంటాం. నేనూ అనేదాన్ని. మా వీధిలో ఒకావిడని అందరూ చెవిటి మామ్మ అనే పిలిచేవాళ్లు, ఆవిడ ముందే. అసలు పేరేమిటో నాకు ఈనాటికీ తెలియదు. అది మంచి పనని అనను. కానీ ఎవరింట్లో పెళ్లయినా పిలవడానికి వచ్చినవాళ్లు ఆవిడ మోకాళ్ల దగ్గర కూర్చుని, బొట్టు పెట్టి, శుభలేఖలో ఒక్కో పేరూ వేలితో చూపించి, ఫలానావాళ్ల రెండో వాడు, ఫలానావాళ్ల మనవరాలు అని చేతులతో చెప్పి లేచేవాళ్లు. అరగంట పట్టినా చెప్పేవాళ్లు. "ఏం లేదులే మామ్మా" అని లేచిపోయినవాళ్లు నాకు గుర్తు లేరు. ఉంటే ఉండి ఉంటారు, పదేళ్ల పిల్లకి అన్నీ తెలుస్తాయా.

మొన్న సంక్రాంతికి వెళ్తే, మా అమ్మ దగ్గర పనిచేసే ఆవిడ మనవడు కనిపించాడు. ఆరేళ్లవాడు. ఆరోగ్యశ్రీలో వాడికీ ఇదే ఆపరేషన్ చేశారు. నా తల చూసి, తన తల తడుముకుని, "నీకూ ఉందా?" అన్నాడు. ఆ పూటంతా నా వెనకే తిరిగాడు. మాట అందకపోతే చీర కొంగు పట్టి లాగి "మళ్లీ చెప్పు" అంటాడు. సిగ్గు లేదు, బెరుకు లేదు. వాళ్ల నాయనమ్మ విసుక్కుంటుంది, తిడుతుంది, మళ్లీ చెబుతుంది. నేను యాభై ఏడేళ్లొచ్చాక కూడా "మళ్లీ చెప్పండి" అనలేక, అర్థమైనట్టు తల ఊపుతూ బతుకుతున్నాను.

యాంకర్ కుర్రాడి మీద నాకు కోపం లేదు. విషయం తెలిసి ఆ ఆదివారమే బొబ్బట్లు పట్టుకుని ఇంటికొచ్చాడు. మా అబ్బాయి కంటే చిన్నవాడు, కూర్చున్నంతసేపూ తల ఎత్తలేదు. కమిటీ వాళ్లని తప్పు పట్టడానికీ నోరు రాదు. జీతం బత్తెం లేకుండా చేసే చాకిరీ ఏమిటో తెలుసు, నేనూ మూడేళ్లు ఫుడ్ కమిటీలో ఉన్నాను. అప్పుడే ఒక దీపావళికి, ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు "స్టేజీ మీద ఏమంటున్నారమ్మా?" అని అడిగారు. నా చేతిలో పులిహోర ట్రే ఉంది. "ఏం లేదులెండి బాబాయిగారూ, ఊరికే అనౌన్స్‌మెంట్" అన్నాను. గోదావరి వాళ్లం ఏం లేదులే అంటాం, తెలంగాణ వాళ్లు ఏం లేదు తీ అంటారు, అంతే తేడా. ఆయన తల ఊపి ఊరుకున్నారు. ఆ తల ఊపడం ఎలాంటిదో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

ఉగాది తర్వాత నేను కమిటీకి ఒక మెయిల్ రాశాను. వచ్చే కార్యక్రమానికి మాటలు తెర మీద వేయగలరా అని. మర్యాదగానే జవాబిచ్చారు: బడ్జెట్ లేదు, ఒక్కరి కోసం అంటే కష్టం అని. ఆ ఒక్కరు అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. ఆ ఉగాది రోజే భోజనాల లైన్లో నలుగురు నా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి (తగ్గిస్తే నాకెలా వినపడుతుంది?) ఇది ఎక్కడ పెట్టించారు, ఎంతయింది అని అడిగారు. ఇద్దరు తల్లుల కోసం, ఒకరు అత్తగారి కోసం. నాలుగో ఆయన ఎవరి కోసమో చెప్పలేదు. ఆర్నెల్ల వీసా మీద వచ్చి వెనక వరసల్లో కూర్చునే అమ్మానాన్నల్ని ఈసారి ఒకసారి తిరిగి చూడండి. చెవి మిషన్ సొరుగులో పెట్టి, నలుగురిలో బాగుండదని ఉత్త చెవులతో వచ్చినవాళ్లు వాళ్లలో ఎంతమందో.

అరవమని నేను అడగడం లేదు. అరిస్తే నా ప్రాసెసర్‌లో మాట చితికిపోతుంది. డీజే స్పీకర్లు పెంచితే అసలే పోతుంది. మైకు ఉంటే మైకులోనే మాట్లాడండి, ఎంత గొంతున్నవాళ్లయినా. స్పాన్సర్ల లోగోలు తిరిగే తెర ఎలాగూ ఉంది, స్కిట్ మాటలు ముందే రాసుకుంటారు కదా, అవీ అక్కడే వేయండి. రాశిఫలాలు ఒక కాగితం మీద అచ్చేసి గుమ్మం దగ్గర పెట్టండి. పుణ్యం తగ్గితే ఆ లెక్క నేను చూసుకుంటాను.

ఇంకొక్కటి. ఈ దేశంలో 1990 నాటి వికలాంగుల చట్టం కింద, మైకులు వాడే ఇలాంటి హాళ్లలో వినికిడి తక్కువున్నవాళ్లకి, మైకులో మాటని నేరుగా చెవికి అందించే రిసీవర్లు ఉంచాలని నియమం ఉంది. సరే అని పోయిన నెల ఆ స్కూల్‌కే వెళ్లి అడిగాను. అక్కడి కస్టోడియన్ నన్ను స్టేజీ వెనక్కి తీసుకెళ్లి, బీరువా తీసి చూపించాడు. ఎనిమిది రిసీవర్లు, ఇయర్‌ఫోన్లు, ఆ మాటని ప్రాసెసర్‌కే పంపేలా నాలాంటి వాళ్లు మెడలో వేసుకునే లూప్‌లు రెండు. మనం ఆ హాలు అద్దెకు తీసుకోవడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఇవి కావాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదట. అద్దెలోనే వస్తాయట, వేరే డబ్బు అక్కర్లేదు.

దీపావళి కార్యక్రమం శనివారం. బీరువా తాళంచెవి స్కూల్ ఆఫీసులో ఉంటుంది. శుక్రవారం నాలుగు లోపల అడిగి తీసుకోవాలి.