ప్రజా భాగస్వామ్యం గారికి, సందు చివరి ఇంటి నుంచి

అయ్యా ప్రజా భాగస్వామ్యం గారూ,

నమస్కారం. మీరు మా సందుకు రావడం ఇది మూడోసారి. రెండుసార్లు ఫ్లెక్సీ మీద వచ్చారు, ఈసారి ఏకంగా మైకులోనే వచ్చారు. 'మన డ్రైనేజీ మనమే వేసుకుందాం' అన్నారు. బాగుంది. నాదొక చిన్న డౌటు. మెయిన్ రోడ్డు అవతల బంగళాల కాలనీ ఉంది కదా, అక్కడికి ఎప్పుడైనా వెళ్లారా? వాళ్లని పలుగూ పారా పట్టుకు రమ్మన్నారా? అక్కడ ఇళ్లు లేవకముందే పైపులు పడిపోయాయి. మీ అభిమానమంతా బీదవాళ్ల మీదే ఉన్నట్టుంది. దానికి శ్రమదానం అని పేరు కూడా పెట్టారు. దానం ఎవరు ఎవరికి చేస్తున్నారో మాత్రం చెప్పలేదు.

మీరు చెప్పారని కాదు గానీ, వాసన భరించలేక మేమే పని మొదలుపెట్టాం. మేస్త్రీ సన్నటి ట్యూబులో నీళ్లు నింపి, ఒక కొస మొదటి ఇంటి గుమ్మం దగ్గర, ఇంకో కొస మా గోడ దగ్గర పట్టించి, వాటం చూశాడు. నీరు పల్లమెరుగు అంటారు. ఆ పల్లం మా ఇంటి ముందుందని ఆ రోజు సందంతా ఎరిగింది. మొదటి మ్యాన్‌హోల్ మూత నాలుగు రోజులకే పగిలింది. పోసిన కాంక్రీటును తడపమంటే ఎవరికి వారు పక్కింటివాళ్లు తడుపుతారనుకున్నాం.

మా మూత సంగతి విని నవ్వకండి. కరాచీలోని ఒరంగీ బస్తీలో కూడా మొదట్లో కాంక్రీటు కలపడం, తడపడం సరిగ్గా రాక పనులు చెడ్డాయి. అఖ్తర్ హమీద్ ఖాన్ అనే సామాజిక కార్యకర్త 1980లో అక్కడ ఒరంగీ పైలట్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. అందులో సందు మురుగు పైపులు సందువాళ్లే వేసుకుంటారు. 20 నుంచి 40 ఇళ్లుండే సందు ఒక జట్టు. తమలోంచే ఒక పెద్దను ఎన్నుకుంటారు, డబ్బు ఆ మనిషే వసూలు చేస్తాడు. ప్రాజెక్టువాళ్లు ఆ డబ్బు ముట్టుకోరు. ప్లాను గీసిస్తారు, ఎస్టిమేట్ వేసిస్తారు, వాటం చూసిపెడతారు, మూతలు పోసుకోవడానికి ఇనుప అచ్చులిస్తారు. ఇంటి మరుగుదొడ్డికీ సందు పైపుకీ మధ్య చిన్న తొట్టి ఉంటుంది. గట్టి మడ్డి అందులోనే ఆగిపోతుంది కాబట్టి పైపు తొందరగా పూడదు. మధ్యలో కాంట్రాక్టరు లేడు. ఖర్చు సర్కారు లెక్కలో చిన్న వంతుకు దిగింది. మరి ఆ మిగతా వంతులు ఇన్నాళ్లూ ఎవరి ఇంటికి పారాయో చూడ్డానికి ఏ ట్యూబూ చాలదు.

అయితే అక్కడ ఒప్పందం రెండు ముక్కలు. మరుగుదొడ్డి, సందు పైపు జనం పని. ఊరి మురుగంతా మోసే పెద్ద లైను, శుద్ధి చేసే ప్లాంటు ప్రభుత్వం పని. మీ ఫ్లెక్సీ మీద మొదటి ముక్క మాత్రమే ప్రింటయింది. చోటు చాల్లేదేమో, దండం పెట్టే ఫొటోలు పదకొండున్నాయి మరి.

అహ్మదాబాద్‌లో 1990లలో 'పరివర్తన్' పథకం కింద బస్తీల్లో మురుగు పైపుల్లాంటి వసతులకు ఒక్కో కుటుంబం 2,000 రూపాయలు కట్టింది. ఊరికే కట్టలేదు, పదేళ్లదాకా ఖాళీ చేయించబోమని కార్పొరేషన్ దగ్గర మాట తీసుకుని కట్టింది. రేపు కూల్చేసే ఇంటికి ఇవాళ పైపు వేసుకునేంత పిచ్చి ఎవరికుంటుంది? మీరు చందా పుస్తకం తెచ్చారు గానీ ఆ కాగితం తేలేదు.

ఇంకో మాట. ఒరంగీ కుర్రాళ్లతో ఏ సందు మురుగు ఎటు పోతుందో, ఏ నాలాలో కలుస్తుందో మ్యాపులు గీయించినావిడ, ఆ ప్రాజెక్టును నడిపిన ఆర్కిటెక్టు పర్వీన్ రెహ్మాన్. 2013 మార్చి 13న ఆవిడను కాల్చి చంపారు. ఎవరి నేల ఎవరిదో, ఎవరి నీళ్లు ఎటు పోతున్నాయో కాగితం మీద కనిపిస్తే కొందరికి గిట్టదు. మీ మీటింగుల్లో టీ, బిస్కెట్లు, సంతకాల రిజిస్టరు అన్నీ ఉంటాయి. మ్యాపు మాత్రం ఒక్కసారీ కనబడలేదు.

ప్రస్తుతం మా లైను మా గోడ పక్కన వచ్చి ఆగింది. పెద్ద లైను రెండు వీధుల అవతలుంది, 'త్వరలో' వస్తుందట. ఈలోగా పైపు మూతికి గోనెసంచి కుక్కి, పైన బండ పెట్టాం. బండ ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఒకణ్ణి నేనున్నాను.

ఇట్లు,
పల్లంలో ఉన్నవాడు