గేరు పడకపోతే బాక్సు దించమని చెప్పేవాళ్లకు

క్రేన్లు నడిపేవాళ్ల గ్రూపుల్లో, చీమకుర్తి క్వారీల వాళ్ల గ్రూపుల్లో, చివరికి మా బావమరిది దగ్గర్నుంచి కూడా ఒకటే మెసేజ్ వస్తోంది. 'పాత మిలటరీ లారీ గేర్లు మొరాయిస్తే ఐదు చిట్కాలు' అట. గేరు కరకరమంటే బాక్సు అయిపోయినట్టే, దించి వేరేది ఎక్కించండి. 90 నంబర్ గేర్ ఆయిల్ తీసేసి ఇంజన్ ఆయిల్ పోయండి. గేరు ఊడిపోతుంటే గేర్ రాడ్డుని సైకిల్ ట్యూబుతో లాగి కట్టండి. ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే డ్రైవ్) ఎప్పుడూ వేసి ఉంచితే బాక్సు మీద భారం తగ్గుతుంది. రాడ్డు మీద నాబ్ మారిస్తే కుదుపు పోతుంది. ఇవీ ఆ ఐదు.

నాబ్ సంగతి వదిలేయండి. నాబ్ మారిస్తే నాబ్ మారుతుంది, అంతే.

మొదటిది మాత్రం జేబులు ఖాళీ చేసే మాట. మన దగ్గర వేలంలో కొన్న శక్తిమాన్ మిలటరీ లారీని క్రేను చేసుకుని హైవే మీద బతుకుతున్నవాళ్లు ఉన్నారు. జర్మనీ మ్యాన్ కంపెనీ డిజైన్‌తో జబల్‌పూర్‌లో 1959లో మొదలైన ఆ బండి తయారీ 1996లో ఆగిపోయింది. మీ బాక్సు బదులు తుక్కు అంగట్లో దొరికేది కూడా అదే వయసుది. దాని లోపల ఏముందో అమ్మేవాడికీ తెలియదు. డబ్బు పోసి తెచ్చి ఎక్కించాక మళ్లీ అదే కరకర వస్తే ఎవరిని అడుగుతారు?

బాక్సు మీద చెయ్యి వేసే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఇంజన్ ఆపి గేర్లన్నీ ఒక్కొక్కటే వేసి చూడండి. సాఫీగా పడుతున్నాయా? ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి రివర్స్ వెయ్యండి. అప్పుడూ కరకరమంటూనే ఉంటే క్లచ్ విడవట్లేదు. పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలయ్యేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం) ఎక్కువై ఉండొచ్చు. ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ అయితే లైన్లో గాలి చేరి ఉండొచ్చు, కింది సిలిండర్ కారుతూ ఉండొచ్చు. ఇంజన్ వెనక తిరిగే ఫ్లైవీల్ మధ్యలో బాక్సు షాఫ్టు కొసని మోసే పైలట్ బేరింగ్ పట్టేసినా ఇదే గోల. యార్డులో వానకి తడుస్తూ పడి ఉన్న బండిని, అందులోనూ మన తీరం ఉప్పుగాలికి నిలబెట్టిన బండిని తెచ్చుకుంటే, క్లచ్ ప్లేటు తుప్పు పట్టి ఫ్లైవీల్‌కి అతుక్కుపోవడం మామూలే. వీటిలో ఏ ఒక్కదానికీ గేర్ బాక్సుతో సంబంధం లేదు.

ఇంజన్ ఆపినా గేర్లు బిగువుగానే ఉంటే అప్పుడు గేర్ రాడ్డు బుష్షులు, లోపల గేర్లని జరిపే సెలెక్టర్ రాడ్లు, ఫోర్కులు చూడాలి. చాలా పాత బాక్సుల్లో పై మూత విప్పితే ఇవన్నీ కనిపిస్తాయి, బాక్సు దించక్కర్లేదు. ఇంకొకటి, ఆ కాలం బాక్సుల్లో సింక్రో (కలిసే గేర్ల వేగాన్ని సమం చేసే ఏర్పాటు) లేని గేర్లు ఉంటాయి. కొత్త లారీలకి అలవాటైన కుర్రాడు డబుల్ క్లచ్ (న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి మళ్లీ తొక్కడం) కొట్టకుండా వేస్తే కరకరమనక ఏం చేస్తుంది?

ఆయిల్ విషయంలో మెసేజ్ రాసినాయన చెప్పింది పూర్తిగా తప్పు కాదని ఒప్పుకోవాలి. గేర్ ఆయిల్ నంబర్ల లెక్క వేరు, ఇంజన్ ఆయిల్ లెక్క వేరు. 90 గేర్ ఆయిల్ చిక్కదనం దాదాపు 40, 50 నంబర్ ఇంజన్ ఆయిల్‌దే. కొన్ని పెద్ద లారీల బాక్సులకి కంపెనీలే 50 నంబర్ ఇంజన్ ఆయిల్ పోయమంటాయి. కానీ విడవని క్లచ్‌ని ఏ ఆయిలూ విడిపించలేదు. ఆయిల్ చిక్కబడి గేరు బిగుసుకోవడం లడఖ్ చలిలో జరుగుతుంది, మే నెల కావలిలో కాదు. జీఎల్-5 రకం గేర్ ఆయిల్ డబ్బా మాత్రం ఊరికే పోయకండి, ఇత్తడి సింక్రో రింగులున్న బాక్సుకి అది పడకపోవచ్చు.

ఇక ట్యూబు. దీన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లందరి మీదా నాకు కోపంగా ఉంది. గేరు ఎందుకు ఊడుతుంది? సెలెక్టర్ రాడ్డుని పట్టి ఉంచే గుండు కింద స్ప్రింగ్ బలం పోయి ఉంటుంది, లేదా ఆ గేరుని పట్టుకునే డాగ్ పళ్లు అంచులు అరిగి గుండ్రంగా అయి ఉంటాయి, లేదా ఫోర్క్ అరిగి గేరు సగమే కూర్చుంటోంది. ఒక్క గేరే ఊడుతుంటే ఆ గేరు దగ్గర వెతకాలి. అన్నీ ఊడుతుంటే బాక్సు మౌంటింగులు, హౌసింగ్ బోల్టులు వదులయ్యాయేమో చూడాలి. ట్యూబు కడితే ఇవేవీ బాగుపడవు. పైగా ఫోర్క్ ఎప్పుడూ తిరిగే కాలర్ (గేరుని కలిపే వలయం) గాడిని ఒరుసుకుంటూ వేడెక్కుతుంది, అరుగుతుంది, వంగుతుంది. ఆ రజనంతా బేరింగుల్లోకే పోతుంది.

అది యంత్రం నష్టం. మనిషి నష్టం చెబుతాను. గిద్దలూరు నుంచి నంద్యాల ఘాట్ దిగుతున్నారు, వెనక చెడిపోయిన లారీని టోచన్ కట్టి లాగుతున్నారు. ట్యూబు తెగింది, గేరు ఊడింది. సింక్రో లేని బాక్సు ఆ వేగంలో మళ్లీ గేరు తీసుకోదు. ఇంజన్ పట్టు పోయాక రెండు బండ్ల బరువూ ఆ పాత బ్రేకుల మీదే, అవి వేడెక్కితే అవీ ఉండవు. రాడ్డుకి ట్యూబు కట్టి ఉంటే కావలసిన గేరు వేసేందుకు చెయ్యి కూడా సరిగా ఆడదు. ఇది చిట్కానా? ఈ చిట్కా పంపినాయన ఆ క్యాబిన్‌లో కూర్చుంటాడా?

ఫోర్ వీల్ ఎప్పుడూ వేసి ఉంచడం కూడా తప్పే. సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే భాగం) లేని బండి తారురోడ్డు మీద మలుపు తిరిగితే ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, పోలేవు. షాఫ్టుల్లో బిగువు పేరుకుని ముందు చక్రాలకీ బలం పంపే ట్రాన్స్‌ఫర్ కేసు రాడ్డు ఇరుక్కుంటుంది, దాన్ని చూసి బాక్సు పట్టేసిందనుకుంటారు. ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి వేసినా అంతే. కాస్త తిన్నగా రివర్స్ తీస్తే బిగువు వదిలి రాడ్డు వచ్చేస్తుంది.

ఇన్ని చూశాక కూడా అనుమానం తీరకపోతే బాక్సు ఆయిల్ దించి వడకట్టండి. సన్నటి బూడిద రంగు పొడి వయసుది, దానికి భయం వద్దు. పాలరంగులో ఉంటే నీళ్లు చేరాయి, సీలు, బ్రీదర్ (బాక్సు గాలి రంధ్రం) చూసుకోండి. పళ్ల ముక్కలు చేతికి తగిలితే మాత్రం, అప్పుడు దించండి.