వందన సమర్పణ: వంటింటి అంశం వాయిదా

దసరా సెలవులు ముగిశాయి. 2025 సెప్టెంబరు 21న తెలంగాణ బడులకు పడిన తాళం అక్టోబరు 3 దాటాక గానీ ఊడలేదు. పిల్లలు పుస్తకాల సంచులు, పెద్దలు పొట్టలు సర్దుకుని ఎవరి దారిన వారు వెళ్లారు. అయినా ఇంతవరకు ఎవరూ ఎవరికీ పద్ధతి ప్రకారం కృతజ్ఞతలు చెప్పిన దాఖలా లేదు. ఫోనులో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపితే బంధుత్వపు ఋణం తీరిపోయిందనుకునే కాలం ఇది. బాధ్యత గల కుటుంబ సభ్యుడిగా, అంతకు మించి పండుగ పొడవునా ఏ పనీ ముట్టుకోకుండా అన్నింటినీ నిశితంగా గమనించిన వ్యక్తిగా, ఆ లోటు నేనే పూడ్చదలిచాను. పని చేసేవాళ్లకు గమనించే తీరిక ఉండదు. వందన సమర్పణలు ఎప్పుడూ మగవాళ్లే చేయడంలోని మర్మం అదే.

ముందుగా ప్రయాణానికి వందనం. మా సూర్యాపేటకు రైలు లేదు. కాబట్టి 60 రోజుల ముందే మేల్కొని బెర్తు కోసం కంప్యూటర్ ముందు కూర్చునే దురదృష్టం మాకు తప్పింది. కారున్నవాళ్లను పంతంగి టోల్‌గేటు నిలబెడుతుంది, లేనివాళ్లను బస్సు నిలబెడుతుంది. విజయవాడ రహదారి మీద సమానత్వం ఆ స్థాయిలో ఉంది. బయలుదేరడం ఆలస్యం చేసిన వాళ్లనైతే ఈ ఏడు మూసీ నది స్వయంగా హైదరాబాదు మహాత్మాగాంధీ బస్టాండు లోపలికి వచ్చి పలకరించింది. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపి, జీరో టికెట్ తీసుకుని, కిటికీ పక్కన కుదురుగా కూర్చున్న మా ఆవిడ, పూర్తి ఛార్జీ చెల్లించి పైకడ్డీకి వేలాడుతున్న నన్ను చూసి "చిల్లర తీసుకున్నారా?" అని అడిగింది. ఆ జీరో టికెట్ మీద పాఠకులు ఒక కన్ను వేసి ఉంచాలి. కథలో దానితో పని ఉంది.

బతుకమ్మ పూలు తేవడం మా ఇంటి మగవాళ్లకు మిగిలిన ఏకైక సాహసకార్యం. తంగేడు రాష్ట్ర పుష్పం. బిరుదైతే ఇచ్చారు గానీ మొలవడానికి చోటే తగ్గిపోతోంది. చిన్నప్పుడు మేం పూలు కోసిన గుట్ట కింది బీడు ఇప్పుడు వెంచరు. సున్నం కొట్టిన హద్దురాళ్లు, తలుపులు లేని పెద్ద కమాను, కమాను మీద వెలిసిపోయిన ఈతకొలను బొమ్మ. ప్లాట్లు కొన్నవాళ్లు ఎవరూ ఇల్లు కట్టకపోవడంతో హద్దురాళ్ల నడుమ తంగేడు విరగబూసింది. తూర్పు ముఖం ప్లాట్లలో పువ్వు కాస్త పెద్దదని మా బావ అభిప్రాయం. ధర పెరుగుతుందన్న ఆశతో భూమిని ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేసిన ఆ అజ్ఞాత పెట్టుబడిదారులకు గౌరమ్మ తరఫున నమస్కారం.

బతుకమ్మకు కావలసిన గునుగు పూలు ఎక్కడ దొరుకుతాయో ఊరు వదిలిన మాలో ఎవరికీ గుర్తు లేదు. ఊరు వదలని నా చిన్ననాటి స్నేహితుడికి గుర్తుంది. వాగు ఒడ్డుకు తీసుకెళ్లి, లుంగీ ఎగగట్టి, మోకాలి లోతు బురదలోకి దిగాడు. మేం ఒడ్డున నిలబడి దిక్కులు చెప్పాం. "అటు కాదురా, ఆ పక్కన తెల్లగా ఉన్నాయి చూడు!" అని కేక వేయడంలో మా శ్రమ తక్కువేమీ కాదు. కృతజ్ఞతగా అతణ్ని కూడా ఫోటోలో నిలబెడదామనుకున్నాం. కానీ తీసేవాళ్లు ఎవరూ లేకపోవడంతో ఫోను అతని చేతికే ఇవ్వాల్సి వచ్చింది. ఫోటో బాగా వచ్చింది. పూల కట్టలు మా భుజాల మీద ఉన్నాయి.

ఇక ఇంటి వ్యవస్థ. బతుకమ్మకు రోజుకొక నైవేద్యం: ఒకనాడు ముద్దపప్పు, ఒకనాడు నానబియ్యం, ఒకనాడు అట్లు, చివరినాడు సద్దులు. అమ్మవారికి ఒక పూట పెడితే చాలు. మగవాళ్లకు మూడు పూటలు, మధ్యలో టీలు. ఇంత పెద్ద యంత్రాంగం సాఫీగా నడవాలంటే పర్యవేక్షణ ఉండాలి కదా. ఆ భారం విశ్రాంత ప్రధానోపాధ్యాయులైన మా చిన్నాన్న మోస్తారు, అరుగు మీద, పేపరు చదువుతూ. బావ ఇంటి అల్లుడు. అల్లుడు మంచినీళ్లు తానే ముంచుకుంటే అత్తింటి పరువు పోతుందని గట్టిగా నమ్మే మనిషి. ఇంట్లో ఆ సంగతి నమ్మేది ఆయన ఒక్కరే. అన్నయ్య, నేను కలిసి సహాయక విభాగం. వంటింటి గడప దగ్గర ఆగి "ఏమైనా సాయం కావాలా?" అని అడిగి, జవాబు వచ్చేలోపు వెనుదిరగడం మా వంశంలో తరతరాలుగా వస్తున్న మర్యాద.

ఇలా ఎవరి పని వారు చేసుకుంటూ ఉండగా ఆరో రోజు వచ్చింది. అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు, నైవేద్యం పెట్టరు. ఎందుకు అలిగిందంటే ఊరికో కథ చెబుతారు. కారణం ఏదైనా అమ్మవారికి సెలవు మంజూరైంది. అర్జీ పెట్టుకున్నట్టు గానీ, బదులు మనిషిని చూపించినట్టు గానీ ఎక్కడా లేదు. ముందు రోజు అట్లు పోసి పోసి నడుం పట్టేసిన మా వదిన పొద్దున్నే ఒక ధర్మసందేహం లేవదీసింది. "అమ్మవారే ఈ రోజు ఏమీ వద్దని అలిగి కూర్చుంటే, మనం పొయ్యి వెలిగించడం అపచారం కాదా మామయ్యా?"

శాస్త్రం ఏమంటుందో చూడడానికి చిన్నాన్న కళ్లజోడు కోసం లోపలికి వెళ్లారు. తిరిగి వచ్చేలోపు వదిన, చిన్నమ్మ, మా చెల్లెలు, మా ఆవిడ బస్టాండులో ఉన్నారు. చేతుల్లో ఆధార్ కార్డులు. ప్రభుత్వ పథకాల దుష్పరిణామాల మీద పెద్దలు ఎన్నో రాశారు గానీ, ఒక్క రూపాయి అడగకుండా ఇంటి నుంచి వెళ్లిపోగల ఇల్లాలి గురించి ఎవరూ ముందుగా హెచ్చరించలేదు.

వాళ్లు వెళ్లింది సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రికి. కాకతీయుల నాటి గుడులున్న ఊరు. అందులో ఎరకేశ్వరాలయాన్ని 1208లో ఎరకసానమ్మ కట్టించింది, ఆమె పేరుతోనే గుడికి ఆ పేరు. మా ఇంట్లో ఇల్లాళ్ల పేర్లు చెక్కి ఉన్నది స్టీలు గిన్నెల మీదే. నల్లరాతి స్తంభాలకు ఆనుకుని వాళ్లు గంటల తరబడి కూర్చున్నారట. ఏం మాట్లాడుకున్నారని అడిగితే "ఏమీ లేదు" అన్నారు. నలుగురు ఆడవాళ్లు అంతసేపు ఏమీ మాట్లాడుకోకపోవడం మమ్మల్ని ఇప్పటికీ కలవరపెడుతోంది.

ఇక్కడ ఇంట్లో మధ్యాహ్నం అయింది. దానంతట అదే అయింది. వంట మాత్రం కాలేదు. పప్పూ అన్నం చాలని సర్వసమ్మతంగా తీర్మానించి వంటింట్లోకి ప్రవేశించాం. కుక్కరు కూతలు లెక్కపెట్టే బాధ్యత చిన్నాన్న తీసుకుని, పేపరు అంచు మీద గీతలు గీశారు. మధ్యలో ఒక కూత సగంలో ఆగిపోయింది. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నదాని మీద ఆయనకూ అన్నయ్యకూ వాదం నడుస్తుండగా మరి రెండు కూతలు ఎవరి లెక్కకూ అందకుండా పోయాయి. చింతపండు ఎక్కడుంటుందని వదినకు ఫోను చేశాం. "ఎప్పుడూ ఉండేచోటే ఉంది" అంది. ఈ సమాచారం మాకు ఏ విధంగానూ ఉపయోగపడలేదు. పోపు పెట్టే గౌరవం అల్లుడిగా బావకు దక్కింది. పోపుల డబ్బాలోని మెంతులను ఆయన పెసరపప్పుగా గుర్తించి, కరకరలాడుతుందని గుప్పెడు వేశారు. అన్నం కొంత పలుకుగా ఉంది, కొంత మాడింది; రెండూ కలిపితే సగటున సరిపోయింది.

ఇలాంటి అనుభవం కోసం జనం డబ్బు పోసి కొండలెక్కుతారు, తాళ్లకు వేలాడతారు, ప్రాణాపాయం జరిగితే పూచీ మాదేనని కాగితం మీద సంతకం చేస్తారు. మా వంటింట్లో సంతకం కూడా అడగలేదు. చేదు పప్పు కలుపుకుంటూ చిన్నాన్న ఉన్నట్టుండి ఆగి, "ఇది రోజుకు మూడుసార్లు ఎలా చేస్తున్నారు వీళ్లు?" అన్నారు. ప్రశ్న గంభీరమైనది కనుక చర్చను భోజనం తర్వాతకు వాయిదా వేశాం. భోజనం తర్వాత నిద్ర వచ్చింది.

దీపాలు పెట్టే వేళకు వాళ్లు వచ్చారు, గాజులతో, మిరపకాయ బజ్జీల పొట్లంతో. వదిన మాడిన గిన్నె వైపు చూసి, ఏమీ అనకుండా నీళ్లు పోసి నానబెట్టింది. మా ఆవిడ ఆ గిన్నెను ఫోటో తీసి బంధువులందరికీ పంపింది. మా తంగేడు సాహసానికి రాని ప్రశంసలు దానికి వచ్చాయి.

మిగతా పండుగ మామూలుగానే జరిగింది. విజయదశమి ఈసారి సరిగ్గా అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడే పడింది. మద్యం దుకాణాలకు సెలవు. బాపూ ఎన్నో సత్యాగ్రహాలు చేశారు గానీ, తెలంగాణ దసరా జోలికి వస్తారని మా ఊళ్లో ఎవరూ ఊహించలేదు. సాయంత్రం పాలపిట్టను చూడడానికి పొలాలకు వెళ్లాం. కరెంటు తీగ మీద నీలంగా ఒక పిట్ట కనిపించింది. చిన్నాన్న నమస్కరించారు. "ముక్కు ఎర్రగా ఉంది సారూ, అది లకుముకి పిట్ట" అన్నాడు నా స్నేహితుడు. ఇంటికి వెళ్లాలన్న తొందరలో ఓటింగు పెట్టాం, అది పాలపిట్టేనని మెజారిటీతో నెగ్గింది. పాలపిట్టను పట్టి పంజరంలో పెట్టి చూపడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. వేరే పిట్టను పాలపిట్ట చేయడం నేరమని నేనైతే ఎక్కడా వినలేదు. జమ్మి చెట్టు దగ్గర గట్టు తగాదాలో ఉన్న పాలివాళ్లు కూడా మా చేతిలో జమ్మి ఆకు, అదే బంగారం, పెట్టి గట్టిగా కౌగిలించుకున్నారు. గట్టు మాత్రం ఎవరూ ఇచ్చిపుచ్చుకోలేదు.

రాత్రి అరుగు మీద చిన్నాన్న ఏటా చేసే వందన సమర్పణ. వానదేవుడికి, ఆర్టీసీకి, పండుగ పూట కరెంటు తీయని విద్యుత్ శాఖకు, గునుగు పూల స్నేహితుడికి, పాలపిట్ట హోదాలో ఉన్న పిట్టకు ధన్యవాదాలు చెప్పారు. తర్వాత, ఎన్నడూ లేనిది, వంటింటి వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు. అక్కడ ఎవరూ లేరు. పెద్దల కాళ్లకు మొక్కి జమ్మి పెట్టడానికి అందరూ ఎప్పుడో వీధిలోకి వెళ్లిపోయారు. స్వీకరించేవారు హాజరు కానందున ఆ అంశం వచ్చే ఏటికి వాయిదా పడింది.

వచ్చే ఏడు అలిగిన బతుకమ్మకు నల్గొండ దగ్గరి చెరువుగట్టు గుడికి వెళ్దామని, కుదిరితే రాత్రికి అక్కడే ఉందామని వాళ్లు అప్పుడే అనుకున్నారట. మాకు ఎవరూ చెప్పలేదు. పక్క గదిలో పడుకున్న బావ విన్నారు. ఆయన ఇప్పుడు ఫోనులో పప్పు వండే వీడియోలు చూస్తున్నారని, శబ్దం పూర్తిగా తగ్గించి చూస్తున్నారని మా చెల్లెలు నిన్న ఫోను చేసి చెప్పింది. మెంతుల దగ్గర ఆపి, వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారట.