కారు ఎవరిది, కదలికలు ఎవరివి?

షోరూములో కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తాళాలు అందుకునే హడావిడిలో మరో చిన్న తంతు కూడా జరిగిపోతుంది. సేల్స్ ఉద్యోగి యజమాని ఫోను తీసుకుని కంపెనీ యాప్ ఎక్కిస్తాడు, ఓటీపీ అడుగుతాడు, ఎవరూ చదవని నిబంధనల కింద టిక్కు పెట్టిస్తాడు. అప్పటి నుంచి కారులోనే అమర్చిన సిమ్ కార్డు ద్వారా బండి ఎక్కడుందో, ఎంత వేగంతో వెళుతోందో, ఎప్పుడు ఆగిందో కంపెనీ సర్వర్లకు చేరే వీలు కలుగుతుంది. ఆ టిక్కు మాత్రం ఒక్కరిది. రేపటి నుంచి ఆ కారు నడపబోయే భార్యను గానీ, కాలేజీకి తీసుకెళ్లే కూతురిని గానీ, నెల జీతానికి పనిచేసే డ్రైవరును గానీ, పండక్కి వచ్చి అడిగి తీసుకెళ్లే బావమరిదిని గానీ ఎవరూ ఏమీ అడగలేదు. కారు ద్వారా సాగే నిఘా గురించిన మాటలన్నీ కంపెనీకీ కొనుగోలుదారుకూ మధ్య ఒప్పందం చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ ఒప్పందంలో పేరు లేనివాళ్ల సంగతే ఎక్కువ ముఖ్యమని నేను అనుకుంటున్నాను.

2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ ఒక ఉదంతాన్ని బయటపెట్టింది. అమెరికాలో షెవ్రోలే బోల్ట్ కారు వాడుతున్న ఒక వ్యక్తికి 2022లో బీమా ప్రీమియం ఉన్నట్టుండి 21 శాతం పెరిగింది. ఎందుకు పెరిగిందో తెలుసుకోవడానికి, బీమా కంపెనీలకు సమాచారం అమ్మే లెక్సిస్‌నెక్సిస్ అనే డేటా వ్యాపార సంస్థ నుంచి తన నివేదికను తెప్పించుకుంటే, 258 పేజీల కట్ట వచ్చింది. అందులో 130కి పైగా పేజీలు ఆరు నెలల్లో ఆయన, ఆయన భార్య చేసిన 640 ప్రయాణాల వివరాలే: ఎప్పుడు బయలుదేరారు, ఎప్పుడు చేరారు, ఎంత దూరం వెళ్లారు, ఎన్నిసార్లు బ్రేకు గట్టిగా తొక్కారు. ఆ సమాచారాన్ని అందించింది కారు తయారుచేసిన జనరల్ మోటార్స్. ఈ కథనం తర్వాత ఆ కంపెనీ డేటా సరఫరాను ఆపింది. ఆగస్టులో టెక్సస్ అటార్నీ జనరల్ దావా వేశారు. 2025 జనవరిలో అక్కడ వినియోగదారుల ప్రయోజనాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, వాహనం ఉన్న చోటును కొన్నిసార్లు మూడు సెకన్లకొకసారి నమోదు చేశారని ఆరోపిస్తూ, లెక్సిస్‌నెక్సిస్‌లా వినియోగదారుల మీద నివేదికలు తయారుచేసే సంస్థలకు ఇలాంటి డేటా ఇవ్వకుండా ఐదేళ్ల నిషేధాన్ని ప్రతిపాదించింది. డాలస్, హ్యూస్టన్ శివార్లలో కారు లేనిదే పాలు కూడా తెచ్చుకోలేని మన కుటుంబాలకు ఇది పరాయి వార్త కాదు. ఒకరు తొక్కిన బ్రేకుకు మరొకరి ప్రీమియం పెరిగే ఏర్పాటు ఇది.

ఇదే అమెరికాలో 2012 నాటి జోన్స్ కేసును ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పోలీసులు ఒక అనుమానితుడి జీపుకు జీపీఎస్ పరికరం తగిలించి 28 రోజులు వెంటాడితే, అది రాజ్యాంగం దృష్టిలో సోదాయే అవుతుందని సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మందీ తేల్చారు. ఆ జీపు ఆయన భార్య పేరు మీద రిజిస్టరై ఉండటం గమనించాల్సిన విషయం. బండి ఎవరి పేరున ఉన్నా గోప్యత మనిషిదేనన్న ఇంగితం ఆ తీర్పులో ఉంది. అప్పుడు పోలీసులు దొంగచాటుగా అతికించిన పరికరం ఇప్పుడు ఫ్యాక్టరీలోనే బిగించి వస్తోంది, పైగా దానికి మనమే డబ్బు కడుతున్నాం.

పోగుపడిన డేటా భద్రంగా ఉంటుందన్న భరోసా కూడా లేదు. జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ గ్రూపు తయారుచేసిన దాదాపు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల సమాచారం నెలల తరబడి క్లౌడ్‌లో కాపలా లేకుండా పడి ఉందని 2024 డిసెంబరులో ష్పీగెల్ పత్రిక వెల్లడించింది. వాటిలో సుమారు 4.6 లక్షల కార్లు ఎక్కడెక్కడ ఆగాయో కచ్చితంగా తెలిసిపోయేది. రాజకీయ నాయకుల కార్లూ, హాంబర్గ్ పోలీసుల వాహనాలూ అందులో ఉన్నాయి.

మన దగ్గర నిఘా ఇంకా ఇంత దూరం రాలేదనుకుంటే పొరపాటు. అది ఇంట్లో మొదలైంది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయినప్పటి నుంచి, కొడుకు హైదరాబాద్‌లో బయలుదేరి పంతంగి టోల్‌ప్లాజా దాటగానే ఒక మెసేజీ, కొర్లపహాడ్‌లో మరొకటి, చిల్లకల్లులో ఇంకొకటి ట్యాగు ఎవరి నంబరుకు ముడిపడి ఉందో ఆ విజయవాడలోని తండ్రి ఫోనుకు వస్తూనే ఉన్నాయి. అది చాలా ఇళ్లలో ప్రేమగానే చెల్లుబాటవుతుంది, బిడ్డ క్షేమంగా వస్తున్నాడన్న నెమ్మదిని ఇస్తుంది. కనెక్టెడ్ కారు యాప్ దీన్ని మూడు టోల్‌ప్లాజాల దగ్గర ఆపదు. గీసిన హద్దు దాటితే హెచ్చరిక, పెట్టిన గంట దాటితే హెచ్చరిక, వేగం మించితే హెచ్చరిక ఇస్తుంది. కారు భర్త పేరున, యాప్ భర్త ఫోనులో ఉన్న ఇంట్లో, పుట్టింటికో, స్నేహితురాలి దగ్గరకో, లాయరు ఆఫీసుకో వెళ్లిన భార్య తను వెళ్లిన చోటు చెప్పాలో వద్దో నిర్ణయించుకునే స్వేచ్ఛను కోల్పోతుంది.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. ఎవరి డేటానో వారి సమ్మతి కావాలని, అది స్వేచ్ఛగా, తెలిసి, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలని ఆ చట్టం అంటుంది. ఆ మాటను నిజంగా పాటిస్తే, కూతురు నడిపిన ప్రయాణానికి తండ్రి పెట్టిన టిక్కు చెల్లకూడదు. అయితే వ్యక్తులు తమ సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే డేటాను అదే చట్టం తన పరిధి నుంచి తప్పించింది. నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకూ మినహాయింపు ఇచ్చే వీలు పెట్టుకుంది. అంటే ఇంటి పెద్ద, ప్రభుత్వం ఇద్దరూ తలుపు బయటే ఉండిపోయారు, లోపల మిగిలింది కంపెనీ ఒక్కటే.

భద్రత పేరు చెబితే ఈ అభ్యంతరాలన్నీ వీగిపోతాయనేవాళ్లున్నారు. ప్రమాదంలో స్పృహ తప్పిన మనిషి దగ్గరకు అంబులెన్సు చేరాలంటే కారు ఎక్కడుందో తెలియాలి, నిజమే. కానీ దానికి రోజంతా వెంటాడటం అక్కర్లేదని యూరప్ చూపించింది. 2018 మార్చి 31 నుంచి అక్కడ కొత్త రకం కార్లలో ‘ఈకాల్’ తప్పనిసరి. గట్టి దెబ్బ తగిలితే అది తనంతట తాను అత్యవసర నంబరు 112కు ఫోను చేసి చోటు చెబుతుంది. మామూలు వేళల్లో దాని ద్వారా కారును వెంటాడకూడదని, పాత స్థానాలు ఎప్పటికప్పుడు చెరిగిపోవాలని, దిశ తెలియడానికి చివరి మూడు స్థానాలకు మించి ఉంచకూడదని నిబంధనలోనే రాశారు. మన దేశంలో ప్రజా రవాణా వాహనాలకు ఏఐఎస్-140 ప్రమాణం కింద లొకేషన్ పరికరం, పానిక్ బటన్ పెట్టించినప్పుడు ఆపదలో ఉన్న ప్రయాణికురాలి గురించి ఆలోచించారు. సొంత కార్ల దగ్గరకు వచ్చేసరికి నడుపుతున్న మనిషి గురించి కూడా అలాగే ఆలోచించాలి. కారులోని తెర మీదే, ఎవరు స్టీరింగు పట్టుకుంటే వారి వేలికి అందేచోట, లొకేషన్ పంపడాన్ని ఆపేసే మీట ఉండాలి. అది నొక్కిన సంగతి యజమాని ఫోనుకు మెసేజీగా వెళ్లకూడదు.