ఉద్యోగం రొట్టె, దేవుడి ముందుచూపు

మా మేనల్లుడు గ్రూప్-2 ప్రిలిమ్స్ రాసొచ్చిన నెలకి, బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉద్యోగం రొట్టె పట్టుకున్నాడు. రొట్టెల పండగ సంగతి నెల్లూరోళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం ఒక్క ముక్క: కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చిస్తారు, తీరాల్సినవాళ్లు తీసుకుని తింటారు, తీరాక తామూ తెచ్చి ఇంకొకరికిస్తారు. పెళ్లికో రొట్టె, సంతానానికో రొట్టె, విదేశాలకో రొట్టె.

నా అభ్యంతరం చిన్నది. పరీక్ష అయిపోయింది కదా. ఓఎంఆర్ షీటులో దిద్దిన సున్నా ఈ రోజు రొట్టె తింటే పక్క గడిలోకి జరుగుతుందా?

"అదేంది మామా అట్టంటావు? ఈ రోజు నేను రొట్టె తింటానని దేవుడికి నెల ముందే తెలుసు గదా. ఆ లెక్కన అప్పుడే నా చేత సరైన సున్నా దిద్దించుంటాడు."

నేను గట్టు మీద కూలబడ్డాను. దేవుడికి అంతా ముందే తెలిస్తే మనిషికి ఇష్టమనేది ఎక్కడుందని పండితులు శతాబ్దాలుగా తలలు బాదుకుంటున్నారు. వీడేమో ఆ ముందుచూపుని అడ్వాన్సు కింద వాడేసుకున్నాడు.

"మార్కులు ఎటూ పడిపోయాయి కాబట్టి ఇప్పుడా రొట్టె తినకుండా పక్కన పెట్టు చూద్దాం. పెట్టగలిగితే దేవుడి లెక్క తప్పినట్టు. పెట్టలేకపోతే ఆ చెయ్యి నీది కానట్టు" అన్నాను. వాడు రొట్టెని చూశాడు, నన్ను చూశాడు, గబుక్కున నోట్లో పెట్టుకున్నాడు.

దీనికి 6వ శతాబ్దంలో బొయీథియస్ అనే రోమన్ పండితుడు ఖైదులో కూర్చుని ఒక జవాబు రాశాడు (ఆ ఖైదు నుంచి ఆయన ప్రాణాలతో బయటపడలేదు). దేవుడికి ముందూ వెనకా లేవట, అన్నీ ఒక్కసారే కనబడతాయట. చూడటం వేరు, చేయించడం వేరు. బాగుంది. మా రంగనాయకుల గుడి ఏడంతస్తుల గాలిగోపురం ఎక్కినవాడికి ఈ సందులో వచ్చే ఆటో, ఆ సందులో వచ్చే గేదె రెండూ కనబడతాయి. మూల మీద అవి గుద్దుకుంటే పైవాడి తప్పేముంది? కానీ ఆటోని, గేదెని, ఆ దిక్కుమాలిన మూలని తయారు చేసినవాడే పైన కూర్చుంటే? కనీసం ఒక ఈలైనా వెయ్యొద్దా?

మన గీత దగ్గరికొస్తే ఇంకో చిక్కు. 'వీళ్లని నేను ముందే చంపేశాను, నువ్వు నిమిత్తమాత్రుడివి' అని పదకొండో అధ్యాయంలో అంటాడు కృష్ణుడు. పద్దెనిమిదోదానికి వచ్చేసరికి 'బాగా ఆలోచించి నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి' అంటాడు. అర్జునుడు పాపం ఎదురు ప్రశ్న వెయ్యలేదు. భారతంలో పదిహేను పర్వాలు తెనిగించిన మా నెల్లూరు తిక్కన సోమయాజి ఆ గీతనంతా కొద్ది పద్యాల్లో తేల్చేశారు. వివరంగా రాస్తే మా మేనల్లుడి లాంటివాళ్లు పుడతారని ఆయనకి ముందే తెలిసుంటుంది.

ఎందుకంటే వాడు మెయిన్స్ పుస్తకం తెరవడం లేదు. "పాసవుతానని రాసుంటే చదవడం దండగ, తప్పుతానని రాసుంటే మరీ దండగ." గ్రీకులు దీనికి సోమరి వాదమని పేరే పెట్టారు. పాసవడం రాసుంటే, చదవడమూ దాంతోపాటే రాసుంటుందని క్రిసిప్పస్ అనే గ్రీకు పండితుడు అప్పుడే బదులు చెప్పాడు. ఆ మాట చెవిన వేస్తే "ఆ పేజీ ఇంకా రాలా మామా" అన్నాడు. చేపల పులుసు దగ్గర మాత్రం తలకాయ ముక్క ఎవరికి రాసుందో అని వీడు ఏనాడూ ఆగిన పాపాన పోలేదు.

జీనో అనే ఇంకో గ్రీకు పండితుడి దగ్గర ఒక బానిస దొంగతనం చేసి, దొంగిలించాలని నాకు రాసుందన్నాడట. తన్నులు తినాలని కూడా రాసుందన్నాడట జీనో. ఆయన పేరైనా వినని మా బావ, సొంత తెలివితోనే అదే సిద్ధాంతానికి వచ్చి చెప్పు కోసం వెతుకుతున్నాడు.

మా అక్క ఇవేవీ పట్టించుకోలేదు. వచ్చే ముహర్రానికి ఇవ్వాల్సిన రొట్టె కోసం ఇప్పుడే గోధుమలు పట్టించి డబ్బాలో పోసింది.

"ఏడాదికి పురుగు పడుతుంది గదక్కా" అన్నాను.

"పడితే మళ్లీ పట్టిస్తాలేరా" అంది.