పుస్తకావిష్కరణ సభ గారికి, పదకొండో కాపీ విషయమై

మహారాజశ్రీ పుస్తకావిష్కరణ సభ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మొన్న ఆదివారం నా కథల సంపుటిని పాఠకలోకానికి పరిచయం చేసే భారాన్ని ఎంతో దయతో తలకెత్తుకున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. ఆరు గంటలకని ఆహ్వానపత్రంలో అచ్చువేయించి, ముఖ్య అతిథి గారి కోసం ఏడుంబావు దాకా ఎదురుచూసి, ఫ్యాను గాలికి జ్యోతి నాలుగుసార్లు ఆరిపోయినా నిబ్బరం కోల్పోకుండా, చివరకు హాలు కాపలాదారు లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతుండగా వందన సమర్పణ కూడా పూర్తి చేయించిన మీ ఓర్పు సామాన్యమైనది కాదు.

హాలు అద్దె, ఫ్లెక్సీ, ఏడు శాలువాలు, ఏడు జ్ఞాపికలు, సమోసాలు, టీ, ముఖ్య అతిథి గారికి రానుపోను కారు కలిపి నాకు 18,400 రూపాయలైంది. అమ్ముడైనవి 11 కాపీలు. కాపీ వెల 150 రూపాయలు గనుక మిగిలిన కూడికలు, తీసివేతలు మీకే వదిలేస్తున్నాను. 'మాకు కాపీ ఇవ్వలేదేం' అని నిష్ఠూరమాడిన ఆత్మీయులకు సంతకం పెట్టి ఊరికే ఇచ్చినవి 43. సభికుల్లో సగం మంది రచయితలే. వారి సభకు నేను వెళ్లాను గనుక నా సభకు వారు వచ్చారు. ఇదంతా పెళ్లి చదివింపుల లెక్క. పెళ్లిలోనైతే కనీసం భోజనం ఉంటుంది. మీ దగ్గర చదివింపులే తప్ప చదవడం ఉండదు.

ముఖ్య అతిథి గారి ప్రసంగం మొదటి వాక్యం మీకు కంఠస్థమే అయివుంటుంది. "పుస్తకం నిన్ననే చేతికందింది, సమయాభావం వల్ల పూర్తిగా చదవలేకపోయాను గానీ..." అయ్యా, ఆ పుస్తకాన్ని నేను వారికి నలభై రోజుల ముందే పంపాను. ఫోనులో చదవలేనంటే కాగితాల మీద ముద్రించాను. అక్షరాలు చిన్నవంటే పెద్దవి చేయించి, స్పైరల్ బైండింగు వేయించి, రెండు బస్సులు మారి వారింటికి పట్టుకెళ్లాను. అక్కడ ముందుగదిలో టీపాయి కింద అలాంటి స్పైరల్ బైండింగులు ఒక దొంతర ఉంది. నాదాన్ని ఆ దొంతర మీద పెట్టి, దాని మీద కళ్లజోడు పెట్టి, నాకు కాఫీ ఇప్పించారు. ఆదివారం నాడు వారు మాట్లాడిన యాభై రెండు నిమిషాల్లో తమ తొలి పుస్తకం గురించి, ఢిల్లీ ప్రయాణం గురించి, ఆ రైల్లో పోయిన సూట్‌కేసు గురించి సవివరంగా తెలిపారు. నా పుస్తకం పేరు 'గట్టుమీది గేదె'. దాన్ని వారు రెండుసార్లు ప్రస్తావించారు, రెండుసార్లూ 'చెట్టుమీది గేదె' అన్నారు. తరువాత మైకందుకున్న విశిష్ట అతిథి గారు, తామూ పుస్తకం విప్పని కారణంగా కాబోలు, గేదెను చెట్టెక్కించడంలోనే రచయిత మాంత్రిక వాస్తవికత పండిందని మెచ్చుకున్నారు. చప్పట్లు బాగా పడ్డాయి.

ఇవన్నీ నేను మరిచిపోగలను. మరపురానిది పదకొండో కాపీ.

కొన్నవారిలో పదిమంది ఎవరో పేర్లతో సహా చెప్పగలను: మా బావమరిది, ఆఫీసు వాళ్లు నలుగురు, మా వీధి మెడికల్ షాపు ఆయన, ఇలా. పదకొండో ఆయన ఎవరో నాకు తెలియదు. యాభై ఏళ్లుంటాయి, చేతిలో టిఫిన్ క్యారేజీ సంచి. సభ మొదలు కాకముందే బల్ల దగ్గర మూడు యాభై నోట్లు ఇచ్చి, కాపీ తీసుకుని, చివరి వరుసలో ట్యూబులైటు కింద కూర్చుని చదవడం మొదలుపెట్టారు. ఢిల్లీ రైల్లో సూట్‌కేసు పోతున్నప్పుడు హాలంతా నిట్టూర్చింది. ఆయన ఒక్కరు నవ్వారు. నవ్వి, ఒక పేజీ వెనక్కి తిప్పి, మళ్లీ చదువుకున్నారు. పన్నెండేళ్లుగా రాస్తున్నాను, నాకేమీ కాని మనిషి నా రాతకు నవ్వడం కళ్లారా చూడటం అదే మొదలు. పుస్తకంలో మూడో వంతు అయివుంటుంది. నాలుగో కథా, ఐదో కథా అని వేదిక మీద కూర్చుని లెక్కలు వేసుకున్నాను.

ఎనిమిదిన్నరకు ఆయన లేచి, మొదటి పేజీ తెరిచి పట్టుకుని, జేబులోంచి కలం తీసి వేదిక మెట్ల దాకా వచ్చారు. కార్యకర్త ఒకాయన 'సభ అయ్యాక, సభ అయ్యాక' అని చెయ్యి విసిరారు. నేను లేవబోయాను. భుజం మీది శాలువా జారింది. సభాధ్యక్షులు నా చొక్కా పట్టి లాగి "కూర్చోండి, మీ గురించే మాట్లాడుతున్నారు" అని చెవిలో చెప్పారు. అప్పటికింకా సూట్‌కేసు దొరకలేదు. ఆయన పది నిమిషాలు నిలబడి, గడియారం చూసుకుని, పుస్తకాన్ని టిఫిన్ క్యారేజీ పక్కన జాగ్రత్తగా దోపుకుని వెళ్లిపోయారు. ఆఖరి బస్సు కాబోలు.

ఇంతవరకు మర్యాదగా రాశాను, ఇక నా వల్ల కాదు. పాఠకుడికి పుస్తకాన్ని చేర్చడానికి పుట్టినదానివి కదా నువ్వు? నా పాఠకుడు నాకు పది అడుగుల దూరంలోకి వస్తే, నన్ను ఏడుగురు అతిథుల మధ్య ఇరికించి, బొమ్మలా కూర్చోబెట్టి, వచ్చిన ఒక్కణ్నీ వెళ్లగొట్టావు. సిగ్గుందా నీకు?

1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో పెట్టి, కాలువ వెంబడి పల్లెలకు చేర్చి పడవ గ్రంథాలయం నడిపారు. పాఠకులు తన దగ్గరికి రావాలని ఆ పడవ ఆహ్వానపత్రాలు వేయించలేదు, తానే రేవుకు వెళ్లింది. తరువాత వారపత్రికల కాలంలో సీరియల్ కోసం ఇంట్లో ఇంటిల్లిపాదీ వంతులు వేసుకున్నారు. శాలువా లేకుండానే రచయితలకు కార్డుముక్కల మీద ఉత్తరాలు వచ్చాయి. ఇప్పుడు ఆ వారపత్రికలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం, మా పేట గ్రంథాలయంలో కొత్త పుస్తకం కనబడి ఎన్నాళ్లయిందో. అడిగినవారికి చవకగా పంపుదామంటే తపాలా శాఖ వారు 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టు తీసేశారు. సామాజిక మాధ్యమంలో ముఖచిత్రం పెడితే 'అభినందనలు' అని తొంభై మంది అంటారు, ఎక్కడ దొరుకుతుందని ఒక్కరూ అడగరు. హైదరాబాదు పుస్తక ప్రదర్శనకూ, విజయవాడ పుస్తక మహోత్సవానికీ జనం సంచులు పట్టుకుని నిజంగానే వస్తారు, నిజంగానే కొంటారు. తీరా చూస్తే అక్కడా ఓ మూల వేదిక వేసుకుని, మైకు పెట్టుకుని కూర్చున్నది నువ్వే.

ఆ పెద్దమనిషి నీకు మళ్లీ ఎక్కడైనా తగిలితే ఒక్క ఉపకారం చెయ్యి. ఏ పేజీ దగ్గర నవ్వారో కనుక్కో.

ఇట్లు,
గేదెను గట్టుమీదే ఉంచినవాడు

తా.క.: వచ్చే ఆదివారం మిత్రుని కవితా సంపుటి సభకు నేను ఆత్మీయ అతిథిని. ఆయన నెల కిందటే రెండు బస్సులు మారి వచ్చి కాపీ ఇచ్చి వెళ్లారు. అది మా టీపాయి కింద ఉంది. 212 పేజీలు. పైనున్న కళ్లజోడు ఇప్పుడే తీశాను.